30 గంటల డాక్టర్ చదువులో మనకు ఒక్క గంట లేదా?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

మన గ్రూపులో క్యాన్సర్ వైద్యం మాట వస్తే ఒక పెద్దాయన, "ఇన్సూరెన్స్ కార్డు ఉంది, అడయారు ఉంది, ఇంకేం కావాలి?" అన్నారు. ముఖ్యమంత్రి బీమా పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వస్తుంది, కాదనం. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టింది, శాంత గారు జీవితమంతా ధారపోసింది. చేతులెత్తి మొక్కుతాం. కానీ గుమ్మం దాటాక చెప్పిన మాట అర్థం కాకపోతే?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత మారింది, ఇంట్లో మాట మారలేదు. మన అవ్వలకు సంతలో బేరమాడేంత అరవం వచ్చు, కీమో కాగితం చదివేంత రాదు. "పుట్రునోయ్" అంటే తలూపుతారు. రాచపుండు అంటేనే గుండె జారుతుంది. రేడియేషన్ వాళ్లకు "కరెంటు పెట్టడం", షాకు కొడుతుందేమోనని భయం.

అన్నిటికంటే ముఖ్యం జ్వరం సంగతి. కీమో ఎక్కించాక వారం, పది రోజులకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అర్ధరాత్రి అని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి, యాంటీబయాటిక్ సూది పడాలి. ఈ ముక్క అర్థం కాని మనిషి ఏం చేస్తుంది? డోలో వేసుకుని, మిరియాల కషాయం తాగి, తెల్లారేదాకా చూస్తుంది. ఆలోగా ప్రాణం మీదికి రావచ్చు. కార్డులో 5 లక్షలు అలాగే ఉంటాయి.

డాక్టర్ల మంచితనం మీద మాకు అనుమానం లేదు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం ప్రతి డాక్టరూ 5 ఏళ్లకు 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలి. మా కంటపడిన ఆహ్వానాల్లో కొత్త మందు, కొత్త యంత్రం, తర్వాత విందు. అందులో ఒక్క గంట దీనికివ్వమంటున్నాం. "అర్థమైందా?" అంటే మనవాళ్లంతా "సరి సార్" అనేస్తారు. "జ్వరమొస్తే ఏం చేస్తావమ్మా, నువ్వు చెప్పు" అని రోగి నోటితోనే చెప్పించాలి. అదీ నేర్చుకోవాల్సిన విద్యే. వారానికి 5 రోజులు రేడియేషన్‌కు రమ్మన్నప్పుడు, తిరుత్తణి నుంచి ఏ బండికి వస్తుందో, ఆ రోజు కూలి ఎవరిస్తారో అడగడమూ అందులోదే.

"తమిళనాడులో ఉండి తమిళం నేర్చుకోరా?" అంటారు, మనలోనే కొందరు. పిల్లలు నేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ల అవ్వను, గడ్డ బయటపడ్డాక అక్షరాభ్యాసానికి కూర్చోబెడతారా? పైగా బడి మొహం చూడని తమిళ కూలికీ, మన జిల్లా ఇరుళ కుటుంబాలకూ ఆసుపత్రి కాగితంలోని తమిళం పరాయిదే. ఈ అర్జీ వాళ్ల కోసం కూడా.

తిరువళ్లూరు గవర్నమెంటు మెడికల్ కాలేజీకీ, తమిళనాడు మెడికల్ కౌన్సిల్‌కూ రాస్తున్నాం. సంతకాలు ఆదివారం, సంఘం ఆఫీసులో. జ్వరం సంగతి తెలుగులో, తమిళంలో పెద్దక్షరాలతో అచ్చువేయించి, చదవలేనివాళ్ల కోసం ఫోన్లో వినేలా కూడా చేయిద్దాం. మీ ఇళ్లలో నర్సింగ్ చదివిన పిల్లలుంటే పేర్లివ్వండి, గొంతు వాళ్లదైతే బాగుంటుంది.