డేటా చదివేవారికి కొలువు కావాలి

జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద పదివేల మంది భారతీయుల జన్యుపటాలు సిద్ధమయ్యాయి. వేర్వేరు సమూహాల నుంచి సేకరించిన ఆ సమాచారాన్ని 2025 జనవరి 9న పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో అది భద్రంగా ఉంది. ఈ ప్రాజెక్టులో మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ పాత్రా పెద్దదే. కానీ ఒక్కో జన్యుపటంలో సుమారు మూడు వందల కోట్ల అక్షరాలుంటాయి. వాటిని చదివి, ఏ మార్పు ఏ జబ్బుకు దారితీస్తోందో తేల్చాల్సిన పరిశోధకుల్లో ఎంతోమంది ఇవాళ కాంట్రాక్టు రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్నారు. ఇది అన్యాయం, దండగమారి విధానం కూడా.

చదివితే ఏమొస్తుందో చూడండి. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం ఆర్యవైశ్యుల్లో కొందరికి త్వరగా తగ్గదు. ఊపిరి అందక ప్రాణం మీదకు వస్తుంది. ఆ మందును శరీరంలో విచ్ఛిన్నం చేసే ఎంజైము లోపించడమే కారణం. కొద్దిమంది పూర్వీకుల సంతతి తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో ఇలాంటి లోపాలు నిలిచిపోతాయని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వివరించారు. వారు పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 ఈ కోవలోనివే. ఒక్క సమూహం సంగతి తెలిస్తేనే మత్తు డాక్టరు ముందే జాగ్రత్తపడి ప్రాణం కాపాడగలుగుతున్నాడు. మిగతావారి సంగతి ఎవరు చూడాలి?

జన్యు సమాచారమే కాదు, రోగుల రికార్డులనూ చదివేవారు కావాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. రక్త పరీక్షలు, నీటి పరీక్షలు, డయాలసిస్ రికార్డులు ఎక్కడివక్కడే ఉంటే ఎన్నేళ్లయినా తేలదు. వాటన్నిటినీ ఒక్కచోట పెట్టి ఏళ్ల తరబడి అదే పనిగా చూసేవారు కావాలి. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవారు అంతకాలం ఎలా ఉంటారు?

2023లో పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌ను (జేఆర్‌ఎఫ్) నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ ఫెలోషిప్ చదువుకునేటప్పటి ఆసరా మాత్రమే. పీహెచ్‌డీ పట్టా అందుకున్నాక ప్రాజెక్టు పోస్టు, నిధులు అయిపోతే ఇంటిదారి. గణాంకశాస్త్రం, కోడింగ్, జీవశాస్త్రం మూడూ వచ్చిన పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీలకో, విదేశాలకో వెళ్లిపోతుంటే వారిని తప్పుపట్టలేం. ఏఐ ఉందిగా, మనుషులెందుకని అడిగేవారూ ఉన్నారు. డేటాలో తప్పెక్కడ దొర్లిందో, యంత్రం ఇచ్చిన జవాబును నమ్మవచ్చో లేదో తేల్చడానికే మనిషి కావాలి.

యంత్రాలకు, భవనాలకు కోట్లు మంజూరు చేసే ప్రభుత్వాలు ఈ పనికి శాశ్వత పోస్టులు, పదోన్నతులతో ఒక కేడర్ ఏర్పాటు చేయాలి. జాతీయ పరిశోధన సంస్థల్లో కేంద్రం ఆ పని చేయాలి. రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని గాంధీ, ఉస్మానియా, విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రుల్లో రోగుల రికార్డులు చదివే పరిశోధకుల పోస్టులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.