సెయిలింగ్ సీజన్‌కి కావాల్సింది స్మార్ట్‌వాచ్ కాదు, గోడకుర్చీ!

పోయిన వారం ఆత్మకూరులో మా ఇంట్లో గోడకుర్చీ వేసి ఉన్నాను. అదేనండీ, చిన్నప్పుడు హోంవర్క్ చేయకపోతే బడిలో వేయించేవాళ్లు కదా, అది. నిమిషంన్నర దాటింది. తొడలు మండిపోతున్నాయి, మోకాళ్లు వణుకుతున్నాయి. సరిగ్గా అప్పుడే చేతికున్న స్మార్ట్‌వాచ్ వైబ్రేట్ అయింది. "చాలాసేపటి నుంచి కదల్లేదు, లేచి కాస్త నడవండి" అంట! నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, జులైలో హుస్సేన్ సాగర్‌లో మళ్లీ పడవ ఎక్కాలి. నైరుతి రుతుపవనాల గాలి పుంజుకునే రోజులవి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు కూడా సాధారణంగా ఆ సమయంలోనే జరుగుతాయి. నేను పోటీల్లో దిగేంతవాణ్ని కాదు, వీకెండ్స్‌లో నేర్చుకుంటున్నా అంతే. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఊళ్లో ఉన్నా. చేతిలో ఆరు వారాలున్నాయి.

పోయినేడు కూడా ప్రిపేర్ అయ్యే వెళ్లాను. రోజూ 10,000 అడుగులు, యాక్టివిటీ రింగులన్నీ ఫుల్, వాచ్‌లో ఫిట్‌నెస్ స్కోర్ 'అద్భుతం'. గాలి గట్టిగా వీచిన రోజు ఇరవై నిమిషాలకే తొడలు పనిచేయడం మానేశాయి. పడవ బోల్తా పడింది. ఎలాగో దాన్ని నిలబెట్టాను గానీ, తిరిగి పైకి ఎక్కే బలం చేతుల్లో లేదు. చివరికి రెస్క్యూ బోట్ వచ్చి లాగింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

తప్పు వాచ్‌ది కాదు, నాదే. అది కొలిచేది ఒకటి, నాకు కావాల్సింది ఇంకొకటి.

అసలు సమస్య ఎక్కడుంది?

నేను నేర్చుకునేది లేజర్ పడవ మీద. ఇప్పుడు దాన్నే ఐఎల్‌సీఏ అంటున్నారు. మన విష్ణు శరవణన్, నేత్ర కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడింది ఈ తరగతి పడవల్లోనే. పొడవు సుమారు 4.2 మీటర్లు, బరువు దాదాపు 59 కిలోలు, నడిపేది ఒక్కరే. గాలి తెరచాపని ఒక పక్కకి వంచేస్తుంటే, దానికి ఎదురు బరువు మీ ఒళ్లే. పాదాలు పట్టీ కింద ఇరికించి, నడుము నుంచి పైభాగమంతా పడవ బయటికి వాల్చి అలాగే బిగబట్టి ఉండాలి. దీన్నే 'హైకింగ్' అంటారు.

చూసేవాళ్లకి ఊరికే కూర్చున్నట్టుంటుంది. వాచ్‌కి కూడా అంతే! దానిలో ఉండే యాక్సెలరోమీటర్ కదలికనే చూస్తుంది. కదలకుండా కండరం పడే కష్టం దానికి తెలీదు. ఇక హార్ట్ రేట్ సంగతి. పచ్చ లైటు చర్మం మీద వేసి, రక్తప్రవాహంలో మార్పుని బట్టి లెక్క కడుతుంది. తాడు గట్టిగా పట్టుకుని లాగుతుంటే మణికట్టు దగ్గర కండరాలు, నరాలు బిగుసుకుని రీడింగ్ తప్పే అవకాశం ఎక్కువ. ఛాతీకి కట్టే స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి మెరుగే. కానీ తొడలు ఎంతసేపు ఆగుతాయో అదీ చెప్పదు.

మరి నేనేం చేస్తున్నా?

పొద్దున ఆరుకల్లా మొదలుపెట్టేస్తా. మే నెలలో మా ఊరి ఎండ సంగతి తెలిసిందే కదా. గోడకుర్చీ రెండేసి నిమిషాలు, మూడుసార్లు. నా టార్గెట్ ఇది, ఒక్కరోజులో వచ్చింది కాదు. మీరైతే ముప్పై సెకన్లతో మొదలుపెట్టండి. తర్వాత నడుమెత్తు పిట్టగోడ మీదకి చేతుల బలంతోనే ఎక్కడం. పడవలోకి తిరిగి ఎక్కడానికి కావాల్సింది ఇదే.

ఇక మా అమ్మమ్మ ఇంటి బావిలో చేదతో ముప్పై బక్కెట్లు తోడతాను. పట్టుకి, వీపుకి ఇంతకంటే మంచి ఎక్సర్‌సైజ్ లేదు. తెరచాప తాడు లాగడమూ అచ్చం ఇలాగే ఉంటుంది. "మోటారేస్తే వస్తాయి కదా అబ్బయా, ఎందుకీ అవస్థ?" అని అమ్మమ్మ రోజూ అడుగుతానే ఉంది.

ఒక్క హెచ్చరిక. ఈత ప్రాక్టీస్ కోసం సోమశిల దగ్గరే కదా అని రిజర్వాయర్‌లో దిగొద్దు. నేర్పేవాళ్లున్న స్విమ్మింగ్ పూల్‌కే వెళ్లండి.

వాచ్ పక్కన పడేయాలా?

అక్కర్లేదు. పొద్దున లేవగానే రెస్టింగ్ హార్ట్ రేట్, నిద్ర చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. హార్ట్ రేట్ మామూలు కంటే బాగా ఎక్కువుంటే ఆ రోజు రెస్ట్ తీసుకుంటా. స్టాప్‌వాచ్ అయితే రోజూ కావాలి. కానీ సీజన్ కోసమని కొత్త మోడల్ కొనకండి. '5 ఏటీఎం' అన్నది 50 మీటర్ల లోతు నీటి ఒత్తిడికి సమానమైన టెస్ట్ రేటింగ్. అది వాచ్ తట్టుకునే ఒత్తిడి, మీరు తట్టుకునేది కాదు.

సీజన్‌కి రెడీనా కాదా అని ఈసారి యాప్‌ని అడగను. లైఫ్ జాకెట్ వేసుకుని, పూల్ లోంచి నిచ్చెన లేకుండా గట్టు మీదకి వరుసగా ఐదుసార్లు ఎక్కగలిగితే రెడీ అయినట్టు. లేకపోతే రింగులన్నీ ఫుల్ అయినా సరే, గాలి ఎక్కువున్న రోజు గట్టు మీదే కూర్చుంటా.