ఆపదవేళ ఊరి గొంతుక

రోడ్లు, నీరు, దీపములు, మురుగుకాలువలు పురపాలక సంఘముల ముఖ్య విధులని మన పౌరులందఱు నెఱుగుదురు. వీనిలో నేది కొఱవడినను మఱునాడే కౌన్సిలరు ఇంటిముందు జనము గుమిగూడుదురు. ఊరికి మఱియొక యవసరము గలదు. అది నిత్యము కంటికి గానరాదు. లేదని తెలియువేళకు దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. అగ్నిమాపక దళము, పోలీసులు, ఆంబులెన్సు సిబ్బంది, పురపాలక సంఘపు పనివారు ఆపత్సమయమున నొకరితో నొకరు మాటలాడుకొనుటకు వలయు రేడియో వ్యవస్థయే యది. మన తీరపట్టణములు ఇట్టి వ్యవస్థను క్రొత్తగా నేర్పఱచుకొనదలచినపుడు దానిని ఎవరు యోచింపవలెనో, ఎవరి యధీనమున నుంచవలెనో ఈ వారము విచారింపదలచితిమి.

"నేడు సెల్‌ఫోను లేని చేయి లేదు గదా, వేఱుగా రేడియో యేల?" అని కొందఱు ఆయవ్యయపట్టికను చూపి యడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి విశాఖపట్టణమే సమాధానము చెప్పినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో ఆ నగరముమీదనే తీరము దాటెను. చెట్లతోబాటు విద్యుత్తు స్తంభములు కూలెను. టెలిఫోను టవర్లు మూగవోయెను. లక్షలమంది చేతిలోని సెల్‌ఫోనులు ఒక్క పూటలో నిరుపయోగము లయ్యెను. నగరమునకు సమాచారము మిక్కిలి కావలసిన గంటలలోనే అది కఱవైనది. సెల్‌ఫోను వ్యవస్థ నిత్యవ్యాపారము కొఱకు కట్టబడినది. కరెంటు పోయిన కొన్ని గంటలకే టవరు బ్యాటరీలు అడుగంటును. టవర్లు నిలిచియున్నను, ఊరంతయు ఒక్కసారి ఫోనులు పట్టుకొనినచో దారి క్రిక్కిఱిసి ఎవరి మాటయు సాగదు. అంతేగాక సెల్‌ఫోనున ఒకడు ఒకనితో మాటలాడును. రేడియో సెట్టు మీట నొక్కి ఒక్క అధికారి "వెనుకకు రండు" అన్నచో నూఱుగురు ఒక్క క్షణముననే విందురు. మంటలలోనున్న దళమునకు ఈ భేదము ప్రాణముతో సమానము.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల ప్రాణములను బలిగొన్నది. వార్త సకాలమున అందని గ్రామములకు ఏమి జరుగునో ఆంధ్రులకు వేఱుగ బోధింపనక్కఱలేదు. అప్పటికంటె నేడు వాతావరణ శాఖ హెచ్చరికలు ఎంతయో మేలైనవి, ముందుగ వచ్చుచున్నవి. కాని హెచ్చరిక ఢిల్లీనుండి జిల్లా కేంద్రమునకు వచ్చుట ఒక యెత్తు. గాలి తగిలిన తరువాత జిల్లా కేంద్రమునుండి పల్లపు పేటకును, పడవల రేవునకును, ఆసుపత్రికిని మాట చేరుట మఱియొక యెత్తు. ఈ రెండవ పనికే పురరక్షణ రేడియో వలయును.

యంత్రములు కొన్నంతమాత్రమున రక్షణ సమకూడదనుటకు న్యూయార్కు నగరమే సాక్షి. 1993లో అచ్చటి ప్రపంచ వాణిజ్య కేంద్రమున బాంబు ప్రేలిన తరువాత, ఎత్తైన ఆ గోపురములలో అగ్నిమాపకుల మాట వినబడుటకై రిపీటరు అను యంత్రము నమర్చిరి. చేతిసెట్టు పలుకును అందుకొని బలముగ మరల ప్రసరింపజేయుట దాని పని. 2001 సెప్టెంబరు 11 ఉదయమున ఉత్తరపు గోపురమున అధికారులు దానిని పరీక్షించి, మాట వినబడుట లేదని విడిచిపెట్టిరి. యంత్రము చెడలేదు, నొక్కవలసిన మీటలు రెండుండగా రెండవది నొక్కబడలేదని తరువాత విచారణ సంఘము తేల్చెను. దక్షిణపు గోపురము 9 గంటల 59 నిమిషములకు కూలెను. ఉత్తరపు గోపురము 10 గంటల 28 నిమిషములకు కూలెను. నడుమ నున్నది 29 నిమిషములు. పోలీసు హెలికాప్టరులనుండి ఉత్తరపు గోపురము నిలువదని హెచ్చరికలు వచ్చెను. కాని పోలీసుల మార్గము వేఱు, అగ్నిమాపకుల మార్గము వేఱు. దిగిరండన్న ఆజ్ఞ లోపలనున్నవారిలో అనేకుల చెవి సోకలేదు. ఆ దినమున 343 మంది అగ్నిమాపకులు మరణించిరి. ధనమునకుగాని, విద్యకుగాని కొఱతలేని మహానగరమున ఇట్లు జరిగినది. ఒక ప్రభుత్వపు రెండు శాఖలు ఒకరి మాట నొకరు వినలేకపోవుటయు, చేతిలోని యంత్రమును వాడుట తెలియకపోవుటయు ఇందులకు కొంత కారణములు.

దీనికి ప్రతిగా అండమానులలో జరిగినది తలచుకొందము. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడునాటికి, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాదు నాయకత్వమున ఒక బృందము పోర్టుబ్లెయరులో రేడియో ప్రసారములు సాగించుచుండెను. టెలిఫోనులు తెగిపోగా, ఆ కొలదిమంది తమ సెట్లతో ద్వీపములకును ప్రధాన భూభాగమునకును మధ్య క్షేమసమాచారములను చేరవేసిరి. వారి పరికరములు సామాన్యములు. వారి అభ్యాసము మాత్రము గట్టిది.

కావున క్రొత్త వ్యవస్థకు పథకము వేయువారు కంపెనీవారి ధరలపట్టికతో మొదలిడరాదు. ముందు మనుష్యులను లెక్కింపవలెను. అగ్నిమాపక కేంద్రము, పోలీసు ఠాణాలు, 108 వాహనములు, పెద్దాసుపత్రి, నీటి పంపుల కేంద్రము, విద్యుత్తు సబ్‌స్టేషను, రేవు, పునరావాస కేంద్రములు - వీరిలో ఎవరు ఎవరితో ఏ వేళ మాటలాడవలెనో కాగితముమీద వ్రాయవలెను. పిమ్మట ఊరిలో మాట చేరని తావులను వెదకవలెను. ఆసుపత్రి నేలమాళిగ, అపార్టుమెంటుల మెట్లదారి, ఇరుకు బజారులలోని గిడ్డంగులు, ఊరి చివరి మత్స్యకారుల పేటలు ఇట్టివి. మైదానమున నిలిచి "వినబడుచున్నదా" యని చేయు పరీక్ష పరీక్ష కాదు. ఈ కఠిన స్థలములనుండి మాట వినబడిన తరువాతనే సొమ్ము చెల్లింతుమని టెండరులో షరతుగ వ్రాయవలెను.

టవరు విషయమున ఒక భ్రమ గలదు. ఎత్తు పెంచినకొలదియు దూరము అదే మేరకు పెరుగునని పలువురు తలంతురు. సమతల ప్రదేశమున 30 మీటర్ల టవరునుండి రేడియో తరంగము చేరు దిఙ్మండలము సుమారు 22 కిలోమీటర్లు. ఎత్తును 60 మీటర్లకు రెట్టించినను అది దాదాపు 32 కిలోమీటర్లే యగును. గోడలు, మేడలు అడ్డువచ్చినచో ఇంకను తగ్గును. విశాఖకు కొండలు తోడ్పడును, కొండచాటున నున్న పేటలకు అవియే అడ్డగును. కృష్ణా గోదావరీ డెల్టాలలో కొండలే లేవు. కావున ఒక మహాటవరును నమ్ముకొనుటకంటె మితమైన యెత్తుగల రెండుమూడు టవర్లను దూరదూరముగ నిలుపుట మేలు. ఒకటి కూలినను మఱియొకటి పలుకును. అవి తుపాను గాలికి నిలుచునట్లు కట్టవలెను. బ్యాటరీలును, జనరేటరును, కొన్ని దినములకు చాలినంత నూనెయును ఉప్పెన నీరందని యెత్తున నుంచవలెను. టవర్లన్నియు పడిపోయినను, సెట్టునుండి సెట్టుకు నేరుగా మాటలాడు సదుపాయము ప్రతి సెట్టునందు నుండవలెను.

ఇక ధనము మాట. కొనుటకగు వ్యయము మొదటి మెట్టు మాత్రమే. బ్యాటరీల మార్పు, మరమ్మతు, శిక్షణ ప్రతి సంవత్సరము వచ్చు ఖర్చులు. వీనికి బడ్జెటులో స్థానము లేనిచో, ప్రారంభోత్సవము నాటి సెట్లు మూడవ యేటికి బీరువాలలో నుండును. ఇంతకంటె పెద్ద యపాయము మఱియొకటి గలదు. గ్రేటు బ్రిటనులో పోలీసులు, అగ్నిమాపకులు, ఆంబులెన్సులవారు ఎయిర్‌వేవ్ అను ఒకే రేడియో వ్యవస్థను వాడుచున్నారు. అది ప్రభుత్వపు సొత్తు కాదు. 2016లో దానిని మోటరోలా కంపెనీ కొన్నది. దాని స్థానమున క్రొత్త వ్యవస్థ నిర్మించుటకు 2015లో ఒప్పందములు జరిగెను. 2019 చివరకు పాతది ముగియవలసియుండెను. క్రొత్తది సిద్ధము కాలేదు. పాతదానినే పొడిగింపవలసి వచ్చినది. వేఱు దారి లేనందున ప్రభుత్వము సంవత్సరమునకు సుమారు 20 కోట్ల పౌనులు అధికముగ చెల్లించుచున్నదని ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ 2023లో నిర్ణయించి, ధరలకు పరిమితి విధించెను. అంతటి ప్రభుత్వమే ఒక్క కంపెనీకి చిక్కుకొనగా, మన మునిసిపాలిటీ గతి యేమి? అందుచేత పలు కంపెనీలు తయారుచేయుటకు వీలున్న బహిరంగ ప్రమాణములనే కోరవలెను. టెట్రా, పి-25 మున్నగునవి అట్టివి. టవర్లుండు స్థలము, లైసెన్సు, సాంకేతిక పత్రములు ప్రభుత్వ సంస్థ పేరనే యుండవలెను. చిన్న పట్టణములకు ఖరీదైన డిజిటలు హంగులతో పనిలేదు. మంచి రిపీటర్లతో సామాన్య వి.హెచ్.ఎఫ్. సెట్లు చక్కగ పనిచేయును. పురపాలక సంఘములు వేర్వేఱుగ కొనుటకంటె జిల్లా అంతయు కలిసి ఒకే వ్యవస్థను పంచుకొనినచో వ్యయము తగ్గును. పొరుగూరి దళము సాయమునకు వచ్చినపుడు భాష తెలియని యతిథివలె నిలువనక్కఱలేదు.

న్యాయశాస్త్రమున కూడ ఈ విషయమునకు ఆధారము గలదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో అగ్నిమాపక సేవ పురపాలక సంఘములకు అప్పగింపదగిన విధులలో నొకటి. అయినను మన రాష్ట్రమున అగ్నిమాపకులు రాష్ట్రశాఖకు చెందినవారు, పోలీసులును అంతే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 41వ సెక్షను స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ నిప్పింపవలెననియు, సాధనములను వెంటనే వాడుకొనదగిన స్థితిలో నుంచవలెననియు శాసించుచున్నది. తరంగముల కేటాయింపు కేంద్రప్రభుత్వపు చేతిలో నున్నది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము వేలముతో నిమిత్తము లేక తరంగము లీయదగిన పనులలో విపత్తు నిర్వహణను, ప్రాణరక్షణను చేర్చినది. బాధ్యత ఊరిది, సేవకులు రాష్ట్రమువారు, తరంగములు కేంద్రమువి! ముగ్గురు వంటవాండ్రున్న యింట పొయ్యి వెలుగనట్లు కాకుండవలెనన్నచో, కలెక్టరు అధ్యక్షతనున్న జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ముందునకు రావలెను. పురపాలక సంఘపు ప్రతినిధులను కూర్చుండబెట్టుకొని యొకే పథకము వేయవలెను. "ఇది సాంకేతిక విషయము, కౌన్సిలర్ల కేమి తెలియును" అను మాటను మేము అంగీకరింపము. ఏ పేట మునుగునో, ఏ సందులోనికి ఇంజను దూరదో కౌన్సిలరుకు తెలిసినంత ఏ ఇంజనీరుకును తెలియదు. స్థానిక స్వపరిపాలన యనగా దీపస్తంభములకు సంఖ్యలు వేయుట మాత్రమే కాదు.

మఱియొక మాట. రేడియోలో ఏ భాష పలుకవలెను? అమెరికాలో పలు శాఖలు కలిసి పనిచేయు వేళ సంకేత సంఖ్యలను మాని అందఱికి తెలియు సామాన్య భాషనే వాడవలెనని కేంద్రప్రభుత్వము నిబంధించినది. ఒక శాఖ సంకేతము మఱియొక శాఖకు తెలియకపోవుటయే కారణము. మన పంపు డ్రైవరు, పారిశుద్ధ్య మేస్త్రీ, పడవ సరంగు, హోంగార్డు తెలుగువారు. పొట్టి పొట్టి తెలుగు మాటలతో ఆజ్ఞలు వ్రాసి, అందఱిచేత వల్లె వేయింపవలెను. ప్రతి సంవత్సరము తుపానుల ఋతువునకు ముందు ఒకనాడు సెల్‌ఫోనులు కట్టిపెట్టి, కరెంటు తీసివేసి, రేడియోతోనే ఊరిని నడిపి చూడవలెను. ఆనాడు బయటపడిన లోపములను దాచక కౌన్సిలు సమావేశమున చదువవలెను.

ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట యను సామెత మన పెద్దలు ఊరకే చెప్పలేదు. ఈ పత్రికను పఠనమందిరములలో చదువు పౌరులకు మా విన్నపము ఒక్కటి. మీ వార్డు కౌన్సిలరును కలిసినపుడు రోడ్డు మాటతోబాటు ఈ మాటయు అడుగుడు: కరెంటు పోయి, ఫోనులు పోయిన రాత్రి మన ఆసుపత్రినుండి అగ్నిమాపక కేంద్రమునకు మాట ఏ దారిన పోవును? ఆ సెట్టు ఎచ్చట నున్నది, దానిని వాడ నేర్చినవా డెవడు, కడపట పరీక్షించిన దెన్నడు? సమాధానము దొరకనిచో అది వ్రాతపూర్వకముగ వచ్చువఱకు విడువకుడు. యంత్రము కొనుటకు ముందే ఈ ప్రశ్నలు పుట్టిన ఊరిలో మంచి పథకము తయారగును; ఆ ఊరి సొమ్మును ప్రాణములును నిలుచును.