ఆగేదాకా ఎగిరినట్టు కాదు!

గోదావరి జిల్లాల్లో విమానం అంటే రెండర్థాలు. ఒకటి ఆకాశంలో పోయేది. రెండోది గుడిలో గర్భాలయం మీద నిలిచేది. ద్రాక్షారామం భీమేశ్వరాలయానికి వెళ్లినవాళ్లకు రెండోది బాగా తెలుసు. అక్కడ స్వామిని కింద ఒకసారి, మెట్లెక్కి పై అంతస్తులో మరోసారి దర్శించుకోవాలి. లింగం అంత ఎత్తు! ఆకాశంలో పోయే విమానాల్లోనూ ఇలా రెండంతస్తుల రకం ఒకటుంది. ఒక జత రెక్కల మీద ఇంకో జత రెక్కలు, రెంటి మధ్యా నిలువు కర్రలు, బిగించి కట్టిన తీగలు, పైకప్పు లేని కాక్‌పిట్, తోక కింద బుల్లి చక్రం. పాత ఇంగ్లిషు సినిమాల్లో తోలుటోపీ, పెద్ద కళ్లద్దాలు పెట్టుకున్న పైలట్ నడిపేది అదే. పేరు బైప్లేన్.

అది ఎప్పుడో మ్యూజియంలో చేరిపోయిందనుకుంటే పొరపాటే. 1930ల నాటి 'వాకో' బైప్లేన్‌ను అదే రూపంతో 1986 నుంచి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కొత్తగా తయారుచేసి అమ్మారు. నకళ్లు తెప్పించుకుని ఇంటి గ్యారేజీలోనే ఏళ్ల తరబడి విమానం కట్టుకునేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర పాత ఫియట్ కారునో, తాతల నాటి బుల్లెట్ బండినో మురిపెంగా చూసుకునేవాళ్లు లేరూ... అలాగే!

ద్రాక్షారామం నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు ఒకాయన ఇలాంటి విమానం కొన్నాడనుకుందాం. ఆయనకు అప్పటికే పైలట్ లైసెన్సుంది. ముందు చక్రమున్న సెస్నాను కొన్ని వందల గంటలు నడిపాడు. డబ్బు కట్టాడు, కాగితాలు చేతికొచ్చాయి. అయినా తన విమానాన్ని తాను ఒంటరిగా నడపడానికి వీల్లేదు! తోకచక్రం విమానానికి విడిగా శిక్షణ తీసుకోవాలని అక్కడి నిబంధన. మామూలు గాలిలో, పక్కగాలిలో పైకి లేవడం, దిగడం, దిగబోతూ కుదరకపోతే మళ్లీ పైకెళ్లిపోవడం... అన్నీ నేర్చుకోవాలి. 'ఇతను నడపగలడు' అని ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్కులో రాసి సంతకం చేయాలి. 1991 ఏప్రిల్ 15కు ముందే ఇలాంటి విమానాన్ని పైలట్‌గా నడిపినట్టు లాగ్‌బుక్కులో ఉన్నవాళ్లకే మినహాయింపు. ఈ శిక్షణకు ఇన్ని గంటలని లెక్కేమీ లేదు. వచ్చేదాకా నేర్చుకోవడమే!

తోకదే పెత్తనం

ఒక చిన్న చక్రం ముందు నుంచి వెనక్కి పోతే ఇంత హడావుడి ఎందుకు? ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి రివర్స్ చేసినవాళ్లను అడిగితే సగం జవాబు వాళ్లే చెబుతారు. ముందుకు లాగినప్పుడు ట్రాలీ బుద్ధిగా వెంట వస్తుంది. వెనక్కి నెట్టినప్పుడు మాత్రం కాస్త వంకర తిరిగిందా, క్షణంలో ఆ వంకర పెద్దదవుతుంది. తోకచక్రం విమానం పరుగూ అలాంటిదే. దాని బరువు కేంద్రం రెండు పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు ఒక పక్కకు కొద్దిగా తిరిగితే చాలు, వెనకున్న బరువు తోకను ఇంకా పక్కకు తోస్తుంది. సరిదిద్దడం ఆలస్యమైతే విమానం నేలమీదే బొంగరంలా గిర్రున తిరిగిపోతుంది. దీన్నే 'గ్రౌండ్ లూప్' అంటారు. కింది రెక్క నేలకు గీసుకుంటుంది, చక్రాల కాళ్లు విరుగుతాయి. ప్రాణం దక్కినా విమానం షెడ్డుకే. అదే ముందు చక్రమున్న విమానంలో బరువు కేంద్రం పెద్ద చక్రాలకు ముందుంటుంది. కాస్త వంకరగా దిగినా తనంతట తానే దారికొస్తుంది. ఆ దయాగుణానికి అలవాటుపడ్డ పైలట్ కాళ్లు బద్ధకిస్తాయి!

అందుకే మొదటి పాఠం చేతులకు కాదు, కాళ్లకు. పెడళ్లు తొక్కితే తోక దగ్గరున్న చుక్కాని కదులుతుంది. గోదావరి మీద లాంచీ నడిపే సరంగుకు చుక్కాని సంగతి తెలుసు. నీటి ఒరవడి తగులుతుంటేనే అది మాట వింటుంది. విమానం చుక్కానికీ గాలి అలాగే తగలాలి. దిగాక వేగం తగ్గేకొద్దీ ఆ గాలి తగ్గుతుంది, చుక్కాని మెత్తబడుతుంది. అంటే చక్రాలు నేలను తాకాక, 'హమ్మయ్య' అనుకునే ఘడియలోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుందన్నమాట.

ఇంకో చిక్కూ ఉంది. తోక నేలమీద ఉండటంతో ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. కాక్‌పిట్‌లో కూర్చుంటే ఎదురుగా ఇంజినే తప్ప దారి కనపడదు. అందుకే నేలమీద పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి ఎడమ పక్క నుంచి, ఒకసారి కుడి పక్క నుంచి తొంగిచూస్తూ పోవాలి. దిగేటప్పుడూ అంతే. రన్‌వే తిన్నగా కనపడదు. పక్కల అంచులు కంటికొసల్లో సమానంగా ఉన్నాయా లేదా అన్నదే కొలత. మూడు చక్రాలూ ఒకేసారి తాకేలా దించడం ఒక పద్ధతి. ముందు రెండు చక్రాల మీద దిగి, తోకను నెమ్మదిగా వాల్చడం మరో పద్ధతి. విమానం బంతిలా ఎగిరిపడితే మొండిగా నేలకు అదమకూడదు. ఇంజిన్ జోరు పెంచి పైకెళ్లి మళ్లీ రావాలి. అలా వెళ్లిపోవడాన్ని ఓటమి అనుకోకపోవడం కూడా ఒక పాఠమే.

బేగంపేట ఓనమాలు

ఇదంతా కొత్త విద్యలా అనిపించవచ్చు గానీ ఒకప్పుడు ఇదే ఓనమాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ బేగంపేటలో వైమానిక దళ ప్రాథమిక శిక్షణ పాఠశాల ఉండేది. అక్కడ కుర్రాళ్లు మొదట ఎక్కింది టైగర్ మాత్ బైప్లేన్. 1931లో తొలిసారి ఎగిరిన ఈ బ్రిటిష్ శిక్షణ విమానాలు 8 వేలకు పైగా తయారయ్యాయి. ఉక్కు గొట్టాల ఒళ్లు, కర్ర రెక్కలు, పైన గుడ్డ, మధ్యలో తీగలు, 130 హార్స్‌పవర్ ఇంజిన్. బ్రేకుల్లేవు. తోక కింద చక్రానికి బదులు నేలను గీరుకుంటూ పోయే మడమలాంటి ముక్క. గడ్డిలో అదే బ్రేకు! స్టార్టర్ కూడా లేదు. ఒకరు ఎదురుగా నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు. మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక గొట్టం. ఆ గొట్టంలోంచి ఎన్ని తిట్లు ప్రయాణించాయో గాలికే ఎరుక!

స్వాతంత్య్రం వచ్చాక 1951లో ఎగిరిన మన హెచ్‌టీ-2, 1958లో ఎగిరిన పుష్పక్ కూడా తోకచక్రం విమానాలే. తర్వాత ఫ్లయింగ్ క్లబ్బుల్లోకి ముందు చక్రం సెస్నాలు వచ్చాయి. నేర్చుకోవడం తేలికైంది, ప్రమాదాలు తగ్గాయి. దాంతోపాటే పాత విద్య పక్కకు తప్పుకొంది. ఆ టైగర్ మాత్‌లలో ఒకదాన్ని వైమానిక దళం బాగుచేయించి 2012 వైమానిక దళ దినోత్సవంలో మళ్లీ ఎగిరించింది.

గాలివాటు తెలిసినవాడే...

పాతకాలం విమానాశ్రయం అంటే పొడవాటి తారు రోడ్డు కాదు, పెద్ద గడ్డి మైదానం. గాలి ఎటు నుంచి వస్తే పైలట్ అటే తిరిగి దిగేవాడు. బైప్లేన్ పుట్టింది ఆ మైదానం కోసం. ఇప్పుడు రన్‌వే ఒకే గీత. మన మధురపూడిలోనూ అంతే. డెల్టా గాలులేమో ఒక దిక్కుకు కట్టుబడవు. వానాకాలంలో నైరుతి, ఆ తర్వాత ఈశాన్యం, ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి. అది పక్క నుంచి కొట్టిందంటే రెండంతస్తుల రెక్కలు తెరచాపలవుతాయి. గాలి వచ్చే వైపు రెక్కను కిందికి వంచి, ఎదురు కాలితో ముక్కును తిన్నగా నిలిపి, ఒక చక్రం మీద దిగాలి. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు చేట ఎత్తేముందు గాలి ఎటుందో చూస్తాడు. గాలి కుదరకపోతే చేట పక్కన పెట్టి కూర్చుంటాడు. పైలట్‌కు కావలసిన తెలివి అంతకంటే పెద్దదేం కాదు. అయితే ఆ కూర్చోవడమే కష్టం!

'వద్దు' అనేదెవరు?

క్లబ్బు విమానమైతే 'ఇవాళ గాలి బాగాలేదు, దించేయ్' అనడానికి ఒకరుంటారు. సొంత విమానానికి ఆ ఒకరు ఉండరు. లాగ్‌బుక్కులో సంతకం పెట్టి గురువు వెళ్లిపోయాక, 'వద్దు' అనే మాట యజమాని తనకు తానే చెప్పుకోవాలి. చుట్టాలొచ్చారు, ఎక్కిస్తానని మాటిచ్చాం, పిల్లలు కెమెరా పట్టుకుని నిలబడ్డారు, పెట్టిన డబ్బు షెడ్డులో ఊరికే పడి ఉంది... తొందరపెట్టే కారణాలకు కొదవుండదు.

దానికి తోడు చాకిరీ. గుడ్డ ఎండకు చివికిందేమో నొక్కి చూడాలి. తేమకు కర్ర అతుకులు వదిలాయేమో, తీగల బిగువు తగ్గిందేమో గమనించాలి. వేగం చూపించే గొట్టంలో కందిరీగ గూడు కట్టినా కొంప మునుగుతుంది. మెకానిక్ ఉన్నా కూర్చునేది తానే కాబట్టి చూసుకోవలసిందీ తానే.

బైప్లేన్ పేరు తెలియనివాళ్లకూ 1980 జూన్ 23 గుర్తుంటుంది. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం దగ్గర విన్యాసాలు చేస్తూ కూలిన 'పిట్స్' విమానం రెండంతస్తుల రెక్కలదే. సంజయ్ గాంధీ, ఆయనతో ఉన్న కెప్టెన్ సుభాష్ సక్సేనా ఇద్దరూ మరణించారు. లైసెన్సు ఉంది, పక్కన అనుభవజ్ఞుడున్నాడు. అయినా నేల దగ్గర పడ్డాక తప్పు దిద్దుకునే వ్యవధి గాలి ఎవరికీ ఇవ్వదు.

దీనికి బదులుగా మరో మనిషిని తలచుకోవచ్చు. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు అందుకున్న జేఆర్‌డీ టాటా. 1930లో తన జిప్సీ మాత్ బైప్లేన్‌లో ఆగాఖాన్ బహుమతి పోటీకి కరాచీ నుంచి లండన్ బయల్దేరారు. దారిలో ఈజిప్టులోని అబూకిర్ దగ్గర పోటీదారుడు ఆస్పీ ఇంజినీర్ స్పార్క్ ప్లగ్గులు లేక ఆగిపోయి కనిపించాడు. జేఆర్‌డీ తన దగ్గరున్నవి ఇచ్చేశారు. బహుమతి ఆస్పీకే దక్కింది. ఆ కుర్రాడే తర్వాత వైమానిక దళాధిపతి అయ్యాడు! పోటీ కంటే ఎదుటివాడు క్షేమంగా చేరడం ముఖ్యమనుకున్న ఆ పైలట్, 1982లో 78 ఏళ్ల వయసులో తోకచక్రమున్న లెపర్డ్ మాత్ విమానాన్ని కరాచీ నుంచి బొంబాయికి ఒంటరిగా నడుపుకొంటూ వచ్చి క్షేమంగా దించారు. తొలి లైసెన్సుకూ, ఆ ప్రయాణానికీ మధ్య 53 ఏళ్లు!

తోకచక్రం విమానం యజమానికి నేర్పేది ఇదే. పైకి లేవడానికి ఇంజిన్ చాలు. కిందికి రావడానికి అణకువ కావాలి. చక్రాలు తాకాయని కాళ్లు వదలకూడదు. వేగం తగ్గి, ప్రొపెల్లర్ నిలిచి, చక్రాల కింద చెక్కలు పెట్టేదాకా ప్రయాణం పూర్తి కాలేదు. కొన్నవాడు యజమాని కావడానికి ఒక సంతకం చాలు. పైలట్ కావడానికి మాత్రం దిగిన ప్రతిసారీ కొత్తగా పాసవ్వాలి.