కౌలుకిచ్చిన కాయకష్టము

మండవల్లినుండి కైకలూరు పోవువానికి రోడ్డున కిరుప్రక్కల నేడు విస్తారముగా గానవచ్చునది నీరే. ఒకప్పటి వరిపొలములలో పెక్కు చేపల చెరువులైనవి. కొన్ని రొయ్యల చెరువులైనవి. 1970, 80 దశకములలో కొల్లేటి యంచున బలపడిన యీ మార్పు క్రమముగా మెరకపొలములకును ప్రాకినది. దీనివలన సరస్సునకు గలిగిన కీడునుగూర్చి వలసినంత చర్చ జరిగినది. 2006లో అభయారణ్యములోని చెరువుల గట్లను గూల్చుటయు జరిగినది. మనుష్యుని యొడలికి గలిగిన మార్పునుగూర్చి మాత్ర మెవ్వరును నోరు మెదపరు. మేము నేడు దానినే ప్రస్తావింపదలచితిమి.

వరిసేద్యమునాటి కామందు స్వయముగా అరక పట్టకపోయినను కాళ్లకు పని చెప్పెడివాడు. తెల్లవారకముందే లేచి బోదెలో నీరు వచ్చుచున్నదో లేదో చూచుకొనును. గట్లవెంట మైళ్లకొలది తిరుగును. నాట్లనాడు బురదలో దిగును. కుప్పనూర్పుల కాలమున కళ్లమునందే పరుండును. వ్యాయామమను మాటతో ఆయనకు బనిలేకుండెను. నేడో, భూమిని చెరువునకు కౌలుకిచ్చినవాడు దానితోబాటు తన నడకనుగూడ కౌలుకిచ్చినాడు. పైకము బ్యాంకులో బడును. వీధిచివర కాఫీహోటలునకు బోవుటకును మోటారుసైకిలు వలయును. వరి విడువని వారికి సహితము కోతయంత్రము వచ్చినది. తిండిమాత్రము తాతలనాటిదే: తెల్లయన్నము, పప్పు, నేయి, ఊరగాయ. మీదుమిక్కిలి సాయంకాలమున బజ్జీలు.

ఫలితమును వైద్యుల వాకిళ్లయందు జూడవచ్చును. భారత వైద్య పరిశోధన మండలి యాధ్వర్యమున జరిగి 2023లో వెలువడిన యధ్యయనము మన దేశమున పదికోట్లకు పైబడి మధుమేహరోగు లున్నారని యంచనా వేసినది. 2022 నాటికి భారతదేశపు వయోజనులలో ఇంచుమించు సగముమంది చాలినంత శరీరశ్రమ చేయుటలేదని మఱొక లెక్క 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడినది. అందు పురుషులు నూటికి 42 మంది. స్త్రీలు 57 మంది.

ఇది దొరల వైద్యము మనకంటగట్టిన చింతయని కొందఱందురు. వారు సుశ్రుతుని జూడవలెను. ప్రమేహరోగి ధనహీనుడైనచో చెప్పులు, గొడుగు లేక నూఱు యోజనములు నడువవలెనని, గోవుల వెంట దిరుగవలెనని, బావి త్రవ్వవలెనని ఆయన చికిత్స విధించెను. వ్యాయామమున అర్ధశక్తిని మించరాదనియు మన వైద్యశాస్త్రమే హెచ్చరించినది. ఈ చికిత్సలోని తత్త్వమును 1953లో మారిస్ అను ఆంగ్లవైద్యుడు లండను బస్సులలో గనుగొనెను. నిచ్చెనమెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టరులకంటె కూర్చుండి బండి నడపు డ్రైవరులకు గుండెజబ్బు హెచ్చుగా నుండెను. బస్సొకటే, జీతముకొఱకు చేయు పనిలోనే భేదము. వారమునకు నూటయేబది నిమిషములైనను చురుకుగా నడువుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు చెప్పుచున్నది. దినమున కిరువదిరెండు నిమిషములు! మన రచ్చబండమీద ఒక చుట్ట కాలువఱకు జరుగు రాజకీయచర్చకంటె నిది యెక్కువ కాదు.

వీరఘట్టమువారైన కోడి రామమూర్తినాయుడుగారు ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొని, ఉక్కుగొలుసులను ద్రెంపి తెలుగువాని బలమును లోకమునకు జూపిరి. టిక్కెట్టుకొని చూచినవారు చప్పట్లు చఱచి యింటికిబోయి పరుండిరి. ఇప్పుడు క్రికెట్టు విషయమునను మన తీరదియే. ఒకరి కండలు చూచి మఱియొకరి రక్తము శుద్ధిపడదు.

స్త్రీల మాట వేఱు. దంపుడు, విసురుడు, నీళ్లు మోయుట తప్పినందుకు మేము సంతసించుచున్నాము. రోకలి మరల బట్టుడని చెప్పుట అవివేకము. కాని ఆ శ్రమ పోయినచోట మఱొక కదలిక రాలేదు. ఇల్లాలు సాయంకాలము కాలువగట్టుమీద నడువబోయినచో నలుగురును వింతగా జూతురు. ఆ చూపునకు వెఱచి ఆమె యింటనే యుండిపోవును. ఈ దోషము నడువనివారిది కాదు, చూచువారిది.

మఱియొక మాట. అర్ధరాత్రి ఱొమ్ములోతు నీటిలో నిలిచి వలలు లాగువారికి, మేతబస్తాలు మోయువారికి, దోనె నడపువారికి మేము వ్యాయామోపదేశము చేయుటలేదు. వారికి గావలసినది విశ్రాంతి, తగిన కూలి, కడుపునిండ దిండి. వారి కష్టమును జూచి 'మా ప్రాంతమువారు శ్రమజీవులు' అని కామందులు చెప్పుకొనుట మాకు నవ్వు తెప్పించుచున్నది.

ఇక చేయవలసినదేమి? నడువుడని చెప్పినంతమాత్రమున నడచుటకు చోటు పుట్టదు. చేపలలారీలు, మోటారుసైకిళ్లు పరుగులిడు రోడ్డుమీద ముసలివారు, పిల్లలు ఎట్లు నడతురు? చెరువుగట్లు సొంతదారుల కాపలాలో నున్నవి. కావున మండవల్లి పరిసరగ్రామముల పంచాయతీలను మేము రెండు కోరుచున్నాము. కాలువగట్టున కొంతదూరము కంప నఱికించి, మట్టి పోయించి, దీపములు పెట్టించి పాదచారులకే విడువవలెను. ఆటస్థలము లేని యూర అరయెకరమైనను చెడుగుడుకు, కఱ్ఱసామునకు, దండీలు బస్కీలకు కేటాయింపవలెను. ఆ నేల యే కులమువారికిని, ఆడపిల్లలకును మూయబడరాదు. ఉన్న ఆటస్థలములను సంతలకును సభలకును అద్దెకిచ్చు నలవాటు మానవలెను.

చెరువుల కౌలు తీసికొను కామందులలో నొక్కొక్కరు ఒక్కయేటి కౌలులో కొద్దిభాగ మిచ్చినచో మట్టికిని దీపములకును సర్కారు వంక జూడనక్కఱలేదు. రాబోవు గ్రామసభలో నీ సంగతి నెత్తువా రెవ్వరో, చందాపట్టీలో తొలిపేరు వ్రాయించువా రెవ్వరో చూతము.