రోగికి పింఛను సరే, తోడు వెళ్లే కూలీ మాటేమిటి?

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో ఏ పల్లెలో మీటింగు పెట్టాలన్నా మనం ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రేపు ఎవరెవరింట్లో డయాలసిస్? ఆ ఇళ్ల నుంచి ఒక్కొక్కరు కాదు, ఇద్దరిద్దరు రారు. రోగి రాడు, రోగితో వెళ్లే మనిషీ రాదు. ఆ రెండో మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

మా సంఘంలో ఒక కొబ్బరి దింపు కార్మికుడున్నాడు. ముప్పై ఏళ్లు చెట్లెక్కిన మనిషి. మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగాడు. కాళ్లు వాచి, అన్నం సయించక ఆసుపత్రికి పోతే రెండు కిడ్నీలూ చెడ్డాయన్నారు. డయాలసిస్ తప్పదు, ముందుగా చేతికి ఆపరేషన్ చేయించుకోవాలన్నారు. ఆయన గోడవైపు తిరిగి కూచున్నాడు. "చెయ్యి కోయించుకుంటే చెట్టెలా ఎక్కుతాను?" అన్నాడు. చెయ్యి తప్ప వేరే ఆస్తి లేనివాడి భయం అది. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయకూడదు.

కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తున్నాడు. కూతురే తండ్రిని ఒప్పించింది. ఎలా ఒప్పించింది? కసరలేదు, ఏడవలేదు. డాక్టరు చెప్పింది ఇంటికొచ్చి తండ్రికి విడమరిచి చెప్పింది. ఈ ఆపరేషన్‌లో చేతిలోని సిరను ధమనితో కలుపుతారు. దాన్నే ఫిస్టులా అంటారు. అది గట్టిపడి సూదికి పనికిరావడానికి ఆరు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలస్యం చేస్తే మెడ దగ్గర గొట్టం వేయాల్సి వస్తుంది, దానికి చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఇంత తెలిశాక తండ్రే "పద" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక ఇంటివాళ్ల పని మొదలవుతుంది. ఆ చేతికి సూది వేయనివ్వకూడదు, బీపీ చూడనివ్వకూడదు. ఆ చేత్తో బరువులు ఎత్తనివ్వకూడదు. రోజూ కోత దగ్గర వేలు ఆనించి చూస్తే సన్నగా అదురు తగలాలి. అదురు ఆగితే ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ సంగతులు మన ప్రతి పల్లెలో తెలియాలి.

ఆ అమ్మాయి ఒకనాడు మమ్మల్ని అడిగింది: "నాన్నకు పింఛనొస్తుంది బాబాయ్, అది తిండికీ మందులకీ పోతుంది. మరి నా కూలీ ఎవరిస్తారు?" మా దగ్గర జవాబు లేకపోయింది.

లెక్క వేసి చూడండి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అయితే, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద. రానూపోనూ ప్రయాణం, వరసలో పడిగాపులు కలిపితే రోజు గడిచినట్టే. ఏడాదికి 156 రోజులు! జబ్బుపడ్డవాడి కూలీ ఎలాగూ పోయింది. ఆరోగ్యంగా ఉన్న కూతురికీ 156 రోజుల పని పోయింది. ఊడ్పులు, కోతలు ఆమె కోసం ఆగుతాయా? ఆ లోటు పూడ్చడానికే అప్పులు, పుస్తెల తాకట్లు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మనం అనడం లేదు. ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాక 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10 వేలైంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి తాగునీటి పథకమూ ప్రారంభించారు. మంచిదే. కానీ జబ్బుకి అసలు కారణం శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. శ్రీలంక వరి రైతుల్నీ, నికరాగువా చెరకు కూలీల్నీ ఇలాంటి జబ్బే పట్టింది. ఎక్కడైనా ఎండలో చెమటోడ్చేవాడే దీనికి బలి. అలాంటప్పుడు సేవ భారం కుటుంబం ఒక్కదాని మీదే వదిలేయడం ఏం న్యాయం?

అందుకే మనం అడుగుదాం: రోగితో వెళ్లే కూలీకి ఆ రోజు వేతనం ఇవ్వాలి. పల్లె నుంచి డయాలసిస్ కేంద్రానికి ఉచిత బండి నడపాలి. నలభై దాటిన ప్రతి కూలీకీ ఊళ్లోనే ఏటా రక్తం, మూత్రం పరీక్షలు చేయాలి.

అడిగి ఊరుకుంటే చాలదు. ప్రతి గ్రామ సంఘమూ ఒక వరస రాసుకోవాలి. ఈ వారం ఎవరింటి రోగికి ఎవరు తోడు? అమ్మాయి వారానికి ఒక్క రోజైనా పనికి పోగలిగితే పొయ్యి వెలుగుతుంది. సంబంధాలు తప్పిపోతాయని జబ్బు దాచుకునే ఇళ్లున్నాయి. ఆ గడపల్లోకి మనమే ముందు అడుగు పెట్టాలి.

సమ్మె రోజుల్లో ఒకరి గింజలు ఒకరం పంచుకు తిన్నవాళ్లం. ఒకరి తండ్రిని ఒకరం ఆసుపత్రికి తీసుకుపోలేమా?