సింథసైజరు గిటారును మింగివేసెనా?

కెనడా దేశపు రష్ వాద్యబృందము 1982 మొదలు 1987 వఱకు వెలువరించిన నాలుగు ఆల్బములలో ఏది మేలైనదను వివాదము నలువది యేండ్లు గడచినను సమసిపోలేదు. సిగ్నల్స్, గ్రేస్ అండర్ ప్రెషర్, పవర్ విండోస్, హోల్డ్ యువర్ ఫైర్ అనునవి ఆ నాలుగు. అభిమానులు వీనిని సింథసైజరు కాలపు ఆల్బములని పిలుతురు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పక్షము కలదు. నాలుగింటిని కలిపి త్రోసిపుచ్చు ఐదవ పక్షమును కలదు. ఈ ఐదవ పక్షమువారి కంఠమే తక్కినవారి కంఠములకన్న హెచ్చుగా వినవచ్చుచుండును.

మన వారపత్రికలో ఈ ప్రసంగమేల యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. పాఠశాలలో తెలుగు తరగతి నిలుచునా, జనాభా లెక్కలలో మాతృభాష యేమని వ్రాయింపవలెను అను విషయములతో నిండవలసిన పుటలలో విద్యుత్ గిటారుల గోల యెందులకని వారి భావము కావచ్చును. కాని బెంగుళూరులోను, చెన్నపట్నములోను, బరంపురములోను మన యిండ్లలోని యువకులు కొందఱు ఈ బృందమును వినుచునే యున్నారు. వారి వాదమునకు కొంచెము చెవి యొగ్గినచో, అది మన సంఘ సమావేశములలో వేఱు పేరుతో జరుగుచున్న వాదమేయని తెలియును. పరాయి పరికరము ఇంటిలోనికి వచ్చినపుడు ఇల్లు ఇల్లుగా నిలుచునా యన్నదే ఆ వాదము.

ముందుగా ఆ బృందమును గూర్చి రెండు మాటలు. అందు మువ్వురే వాద్యకారులు. గెడ్డీ లీ పాడుచు, బేస్ గిటారును కీబోర్డును కూడ తానే వాయించెడివాడు. గిటారు ఆలెక్స్ లైఫ్‌సన్‌ది. 1974లో వచ్చి చేరిన నీల్ పీర్ట్ డ్రమ్ములు వాయించుటయే గాక పాటల సాహిత్యమును సైతము వ్రాసెను. 1968లో టొరంటోలో పుట్టిన బృందమిది. మువ్వురును కలిసి చేసిన కడపటి కచేరీ 2015 ఆగస్టు 1న లాస్ ఏంజిలీసు ప్రాంతమున జరిగెను. 2020 జనవరి 7న పీర్ట్ మరణించెను. తక్కిన ఇరువురు అనికా నిలెస్ అను జర్మను వాద్యకారిణిని డ్రమ్ములకు కూర్చుకొని 2026లో మరల కచేరీలు చేయుదుమని 2025లో ప్రకటించిరి.

వీరి పేర్ల కథ మనవారు వినదగినది. గెడ్డీ లీ తల్లిదండ్రులు పోలండు దేశపు యూదులు. హిట్లరు నిర్బంధ శిబిరములనుండి ప్రాణములతో బయటపడి కెనడా చేరినవారు. కుమారునికి గ్యారీ యని పేరు పెట్టిరి. తల్లి యాసలో ఆ పేరు గెడ్డీ యని వినబడగా స్నేహితులు అట్లే పిలిచిరి. అతడు తుదకు దానినే తన పేరుగా చేసికొనెను. లైఫ్‌సన్ తల్లిదండ్రులు యుగోస్లావియానుండి వచ్చిన సెర్బులు. వారి ఇంటిపేరు జివోయినోవిచ్. అందలి 'జీవితపు కొడుకు' అను అర్థమును ఇంగ్లీషులోనికి మార్చుకొని అతడు లైఫ్‌సన్ అయ్యెను. (ఆ సెర్బు ధాతువునకును మనము వాడు 'జీవ' శబ్దమునకును చుట్టఱికము కలదు.) తమిళనాట స్థిరపడి, ఇంటిపేరును విడిచి, తండ్రి పేరులోని తొలి అక్షరమును తగిలించుకొన్న మన కుటుంబములకు ఈ కథ వింత గొలుపదు.

ఇక సింథసైజరు. తీగను మీటి గాని, తోలును తట్టి గాని, గాలిని ఊది గాని కాక, విద్యుత్ప్రవాహమును మలచి నాదమును పుట్టించు యంత్రమది. 1977 నాటి ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్ ఆల్బము నాటికే లీ మినీమూగ్ సింథసైజరును, పాదములతో నొక్కెడి టారస్ పెడళ్లను వాడుచుండెను. 1981 నాటి మూవింగ్ పిక్చర్స్ ఆల్బములో టామ్ సాయర్ పాట మొదట వినవచ్చు గర్జన ఓబర్‌హైమ్ సింథసైజరుదే. అంతవఱకు అది అతిథి. 1982 సెప్టెంబరులో సిగ్నల్స్ వెలువడుసరికి అతిథి వచ్చి యజమానుని పడకకుర్చీలో కూర్చుండెను. సబ్‌డివిజన్స్ పాట కీబోర్డుతోనే మొదలగును, దానితోనే నడచును. గిటారు గోడకు చేరగిలి నిలిచినట్లుండును. ఈ మార్పు లైఫ్‌సన్‌కు రుచింపలేదు. రికార్డులో తన గిటారు అడుగునకు పోయెనని అతడు పిమ్మట చెప్పియున్నాడు. 1975 మొదలు స్టూడియో ఆల్బములన్నిటికి నిర్మాతగా తోడున్న టెర్రీ బ్రౌన్ ఆ ఆల్బముతోనే వారికి దూరమయ్యెను.

కీబోర్డునకై నాలుగవ వానిని చేర్చుకొన్నచో ఈ చిక్కు కొంత తప్పియుండెడిది. వారు చేర్చుకొనలేదు. వేదికమీద లీ చేతులు కీబోర్డుమీద నున్నపుడు మంద్రస్వరములను పాదములతో పెడళ్లమీద పలికించుచు, నోట పాట పాడుచుండెను. మువ్వురము మువ్వురముగానే యుండవలెనను ఆ పట్టుదలయే గిటారునకు స్థలమును తగ్గించినది. ఆ సంగతి విడిచి యంత్రమును మాత్రమే నిందించుట న్యాయము గాదు.

సిగ్నల్స్ పక్షమువారి వాదము బలమైనదే. ప్రాతదియు క్రొత్తదియు ఇంకను పెనగులాడుచున్న వేడి ఆ ఆల్బములో కలదు. నగరపు శివారులలో ఒకే మూసలోని యిండ్లమధ్య ఒంటరియగు బాలుని బాధ అందు కలదు. బెన్ మింక్ ఫిడేలు వాయించిన లూజింగ్ ఇట్ అను చక్కని పాట కలదు. టేపులో మిగిలిన కొద్ది నిమిషములను నింపుటకై చిట్టచివర త్వరత్వరగా కట్టిన న్యూ వరల్డ్ మ్యాన్ అను పాట కెనడాలో మొదటి స్థానమును, అమెరికాలో 21వ స్థానమును పొందెను. అమెరికా పట్టికలో మొదటి నలువదింటిలోనికి ఈ బృందము మరెన్నడును ప్రవేశింపలేదు. ఏండ్ల తరబడి చెక్కిన శిల్పములకు రాని మెప్పు గోడ సందున పెట్టిన యిటుకకు వచ్చినట్లు!

అయినను, వాదమంతయు తూనికమీదనే నడచుచున్నది. ఈ ఆల్బములో యంత్రము ఇంత, తీగ ఇంత. కావున ఇది అంత చెడ్డది, అది ఇంత మేలు. ఈ తూనికరాళ్లు మనకు క్రొత్తవి కావు. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించి 1971 వఱకు ఆ కట్టుబాటును సడలింపలేదు. అదే హార్మోనియము మన పద్యనాటకమునకు ప్రాణమై, ఊరూర నటుని రాగాలాపమునకు శ్రుతి పట్టినది. అట్లని నిషేధించినవారు కేవలము మూర్ఖులా? కారు. హార్మోనియము మెట్లపై గమకము పలుకదు. స్వరమునుండి స్వరమునకు జారుట దానికి చేతగాదు. వారి ఆక్షేపణ అది పరాయిదని మాత్రమే కాదు, మన సంగీతములోని ముఖ్యమైన బరువును అది మోయలేదని. పరాయిదే యగు ఫిడేలు ఆ బరువును మోసెను. బాలుస్వామి దీక్షితుల కాలమున మన కచేరీలోనికి వచ్చిన ఆ వాద్యము, 1893లో బెంగుళూరున జన్మించిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతికి వచ్చుసరికి, నీ దేశమేది యని ఎవరును అడుగనంతగా మనదైనది. అడుగవలసినది క్రొత్త పరికరము ఎంత వచ్చెనని కాదు, అది దేనిని మోసెనని.

ఈ ప్రశ్న వేసినచో నాకు 1984 ఏప్రిల్‌లో వెలువడిన గ్రేస్ అండర్ ప్రెషర్ తక్కిన మూడింటికన్న మిన్నగా కనబడుచున్నది.

ఆ ఆల్బము పుట్టుకయే కష్టముతో కూడినది. బ్రౌన్ లేడు. నిర్మాతగా ఉండుటకు మొదట ఒప్పుకొన్న స్టీవ్ లిల్లీవైట్ చివరి గడియలో విరమించుకొనెను. పీటర్ హెండర్సన్ వచ్చి చేరెను గాని భారమెక్కువగా మువ్వురి భుజములమీదనే పడెను. అవి అమెరికా రష్యాలు అణ్వాయుధములు నూరుకొనుచున్న దినములు. 1983 సెప్టెంబరులోనే కొరియా ప్రయాణీకుల విమానమొకటి కూల్చబడెను. ఆల్బములోని తొలి పాటకు పేరైన డిస్టంట్ ఎర్లీ వార్నింగ్ కెనడా ఉత్తరపు మంచుభూములలో శత్రు విమానములను పసిగట్టుటకు నిలిపిన రాడారు వరుసకు గల పేరే. మఱియొక పాట, తాము పనిచేయు స్టూడియోలోని స్నేహితుడొకడు కారు ప్రమాదమున మరణింపగా అతనిని తలంచుకొని కట్టినది. లైఫ్‌సన్ గిటారు ఈ ఆల్బమున మరల ముందునకు వచ్చి, గాజుపెంకుల వలె పదునుగా మ్రోగును. గిటారు మింగబడెనని వాపోవువారు ఈ ఆల్బమును ఎన్నిమారులు వినిరో తెలియదు.

కాని నా వాదమునకు మూలస్తంభము ఇందలి రెడ్ సెక్టార్ ఎ అను పాట. 1945 ఏప్రిల్ 15న బెర్గెన్ బెల్సెన్ శిబిరమును బ్రిటిషు సైన్యము విడిపించెను. అందున్నవారిలో గెడ్డీ లీ తల్లి యొకతె. విడుదల నాడు ఆమెకు కలిగిన తొలి తలంపు ఏమని కుమారుడు అడిగెనట. విడుదల సాధ్యమని ఆమె నమ్మలేదట. వెలుపల నాగరిక లోకమను నదొకటి మిగిలియున్నచో ఇట్టి చోటును ఉండనిచ్చెడిది కాదు. కావున లోకమంతయు అంతరించియుండునని ఆమె తలంచినదట. ఆ మాటనుండి పుట్టిన పాట యిది. పీర్ట్ అందు శిబిరము పేరు గాని, దేశము పేరు గాని, జాతి పేరు గాని చెప్పలేదు. ఎవరి తల్లి కథయైనను కావచ్చును.

ఈ పాటలో బేస్ గిటారు లేదు. బేస్ వాద్యమునకే లోకప్రసిద్ధుడైనవాడు తన తల్లి కథ చెప్పవలసివచ్చినపుడు ఆ వాద్యమును ప్రక్కన బెట్టి యంత్రము ముందు నిలిచెను. ఆ యంత్రము ఒకే తీరున, ఆగక, ఊపిరి తీయక కొట్టుకొనుచుండును. ఊపిరి తీయకపోవుటయే అచట అర్థము. గిటారు తీగను ఎంత కఠినముగా మీటినను అందు మనిషి వ్రేలు వినబడును. ఆ శిబిరమును నడపినదానిలో మనిషి వ్రేలు వినబడరాదు. పీర్ట్ సైతము తోలు డ్రమ్ములకు తోడుగ సిమన్స్ ఎలక్ట్రానిక్ డ్రమ్ములను తెచ్చెను. వీని నడుమ లీ కంఠమును, లైఫ్‌సన్ గిటారును మాత్రమే ప్రాణమున్నవి. ఇదే పాటను 1976 నాటి వారి గిటారుల హోరుతో కట్టియున్నచో కోపము వినబడెడిది గాని భయము వినబడెడిది కాదని నా నమ్మకము. ఇంటిలోని అతి పురాతన దుఃఖమును చెప్పుటకు అతి నూతన పరికరమే పనికివచ్చినది. ఆ ఆల్బము వెనుక అట్టపై మువ్వురి ఛాయాచిత్రమును తీసినవాడు యూసుఫ్ కార్ష్. 1941లో చర్చిలు చిత్రమును తీసి ప్రసిద్ధికెక్కిన ఇతడు ఆర్మీనియను. తన జాతి ఊచకోతను బాల్యమున చూచి కెనడా చేరినవాడు.

మన పెద్దలతో నాకు పేచీ ఇచటనే. వార్షికోత్సవమున పిల్లలు పద్యమునకు కీబోర్డును తోడు చేసికొందుమన్నపుడు మొగము చిట్లింతురు. బరంపురపు తెలుగులో ఒరియా మాటలెన్ని, హోసూరు తెలుగులో కన్నడ, అరవ మాటలెన్ని యని లెక్క వేయుదురు. ఆ తెలుగులో నాయనమ్మ వలస వచ్చిన కథను మనుమడు చెప్పగలుగుచున్నాడా లేదా యని మాత్రము అడుగరు. చెప్పగలిగినచో నాలుగు కన్నడ మాటలు ఏమి చేయును? చెప్పలేనిచో అచ్చతెనుగు నిఘంటువు ఇంట నుండియు ఏమి లాభము?

పవర్ విండోస్ పక్షమువారు దీనికి ఒప్పుకొనరు. వారి ఆల్బము 1985 అక్టోబరున వెలువడినది. నిర్మాత పీటర్ కాలిన్స్. కీబోర్డులకు ఆండీ రిచర్డ్స్ సాయము. తీగ వాద్యముల కూర్పు ఆన్ డడ్లీది. మారథాన్ పాటకు గాయకబృందము కూడ కలదు. పనితనమున ఈ నాలుగింటిలో దీనిని మించినది లేదని నేనును ఒప్పుకొందును. గిటారును సింథసైజరును ఒకదాని నొకటి త్రొక్కక, జమిలినేతలో దారముల వలె సాగును. ఎల్లలు గీచుకొని, మా నేల మా నీరు గొప్పవని విఱ్ఱవీగువారిని దెప్పిపొడుచు టెరిటరీస్ అను పాట సరిహద్దుల కావల బ్రతుకు మనబోటివారికి ప్రత్యేకముగా నచ్చవలసినది. అయినను ఆ ఆల్బమున యంత్రము చాలచోట్ల అలంకారము. అణుబాంబు తయారీని గూర్చిన మ్యాన్‌హట్టన్ ప్రాజెక్ట్ పాటలో సైతము తీగ వాద్యములు ఉప్పొంగి వచ్చునపుడు మనస్సు బాంబును మఱచి సొగసును చూచును. పెండ్లిపందిరి అందమే, కాని అందఱిండ్ల ముందఱను ఒకే పందిరి వేయవచ్చును.

1987 నాటి హోల్డ్ యువర్ ఫైర్ గూర్చి ఎక్కువ చెప్పను. ఏమీ మాన్ కంఠము తోడైన టైమ్ స్టాండ్ స్టిల్ కొఱకు దానిని దాచుకొనవచ్చును. తక్కినదానిలో మెఱుగు ఎక్కువై పట్టు జారినది.

1989 నాటి ప్రెస్టో మొదలు యంత్రము క్రమముగ వెనుకకు జరిగెను. 2002 నాటి వేపర్ ట్రెయిల్స్‌లో కీబోర్డులే లేవు. ఐదవ పక్షమువారు దీనిని తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరినట్లు పండుగ చేసికొందురు. చేసికొననిండు. కాని ఇల్లు చేరినవాడు వెళ్లినవాడేనా? 1970లలో ఏకధాటిగా పరుగెత్తిన లైఫ్‌సన్ గిటారు, సింథసైజరుతో ఇఱుకింటిలో కాపురము చేసిన ఆ యేండ్లలో, కొద్దిపాటి సందులో కొద్ది స్వరములతో పెద్ద వెలుగు నింపుట నేర్చెను. పిమ్మటి ఆల్బములన్నిటిలో ఆ నేర్పు వినబడుచునే యున్నది.

యువకులు ఈ విషయమున వ్రాయదలచినచో రెడ్ సెక్టార్ ఎ పాటను, టెరిటరీస్ పాటను ఒకదాని వెంట నొకటి విని వ్రాయవలెనని నా కోరిక. పవర్ విండోస్ పక్షమువారి ఉత్తరములను కత్తిరింపక ప్రకటింపుడని సంపాదకులను వేడుచున్నాను. వారు ఇంటిలో వాడు తెలుగులోనే వ్రాయుదురుగాక.